గుమాస్తా ఓర్పు

చీర ఖరీదు లెక్క కట్టడం చీరాలలో ప్రత్యేకంగా నేర్పవలసిన విద్య కాదు. నూలు ఇంత, రంగు ఇంత, ఆసు పోసినందుకు ఇంత, అచ్చు అతికినందుకు ఇంత, నేతగాని మజూరీ ఇంత, వర్తకుని లాభం ఇంత అని మగ్గం గుంట పక్కన పెరిగిన పిల్లవాడు సైతం వ్రేళ్ళమీద చెప్పగలడు. ఈ లెక్కలోకి రాని శ్రమ ఒకటి ఉన్నది. నలభై చీరలు విప్పి చూపించి, ఒక్కటి అమ్మి, తక్కిన ముప్ఫైతొమ్మిదింటిని తిరిగి మడతపెట్టే మనిషి శ్రమ అది. అందులో చేతుల శ్రమ కనీసం కంటికి కనబడుతుంది. ఆ నలభై చీరలు విప్పినంతసేపూ ముఖంమీద ఒకే ప్రసన్నతను నిలిపి ఉంచడానికి ఆతడు పడే శ్రమ ఎవరికీ కనబడదు. ఈనాటి ప్రసంగంలో ఆ కనబడని శ్రమను గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

చీరాల ఒకప్పుడు గుంటూరు జిల్లాలోని ఊరు. 1970లో క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరింది. ఆ జిల్లాకే తరువాత ప్రకాశం అని పేరు వచ్చింది. 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నది. జిల్లాలు మారినా ఊరికి బట్టతో ఉన్న సంబంధం మారలేదు. నూనెలో నానవేసిన నూలుతో ఇక్కడ నేసిన తేలియా రుమాళ్ళు ఒకనాడు సముద్రాలు దాటి అరబ్బు దేశాలకు పోయేవి. చిన్న బొంబాయి అని ఈ ఊరికి ముద్దుపేరు. ఎం. జి. సి. మార్కెట్టులోనూ, ఆ చుట్టుపక్కల వీధులలోనూ జవుళి అంగళ్ళు బారులు తీరి ఉంటాయి. పర్చూరు, అద్దంకి, బాపట్ల, ఒంగోలు ప్రాంతాల నుంచి పెండ్లివారు బట్టలకు ఇక్కడికే వస్తారు. పన్నుల భారం మోయలేమని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన జనం ఇండ్లు విడిచి, రామనగర్ పాకలలో నెలల తరబడి కాపురం చేసినది కూడ ఈ ఊరివారే. కోపాన్ని బహిరంగంగా, మర్యాదగా ప్రకటించడం ఎట్లాగో దేశానికి చూపిన ఊరు ఇది. ఆ ఊరి అంగళ్ళలో కోపాన్ని మ్రింగడమే ఉద్యోగధర్మంగా గలవారు వందలమంది ఉన్నారని తలచినప్పుడు మాకు కొంత వింతగా తోచింది.

గుమాస్తా అనే మాట ఈమధ్య పాతబడింది, సేల్సుమాన్ అంటున్నారు. మాట మారినా పని అదే. ఒక పెండ్లి బేరాన్ని తీసుకొందాము. పది పన్నెండుమంది వస్తారు. పెండ్లికూతురు, ఆమె తల్లి, మేనత్త, నాయనమ్మ, వియ్యాలవారి వైపు నుంచి ఇద్దరు, వెంట పిల్లలు. డబ్బు తెచ్చినాయన గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుండి సెల్‌ఫోను చూచుకొంటూ ఉంటాడు. తెల్లని దుప్పటి పరచిన పరుపుమీద వీరందరూ కూర్చోగానే గుమాస్తా నోరు విప్పకముందే కొన్ని సంగతులు గ్రహించవలె. వీరిలో మాట చెల్లే మనిషి ఎవరు? మాట చెల్లకపోయినా అడగకపోతే అలిగే మనిషి ఎవరు? వీరు తెచ్చిన డబ్బు ఎంతలో ఉన్నది? మొదటనే చవక చీర పరచినట్లయితే మమ్మల్ని ఏమనుకున్నావని వియ్యాలవారు ముడుచుకొంటారు. మొదటనే ఖరీదైనది పరచినట్లయితే, గుమ్మం దగ్గరి తండ్రి ముఖం నలుగురిలో చిన్నబోతుంది. మావిచిగురు రంగు అని నాయనమ్మ అన్నప్పుడు ఆమె మనసులో ఉన్నది ఏ మావిచిగురో, ఎన్ని యేండ్ల క్రిందటిదో ఊహించి తీయవలె. ఇదంతా ఒక నిమిషంలో జరగవలసిన పని. ఏ కళాశాలలోనూ దీనిని నేర్పరు. పదేండ్లు, ఇరవైయేండ్లు పరుపు పక్కన నిలబడితే పట్టుబడే విద్య.

తరువాత వచ్చేది పిలుపు. తెలుగు అంగడిలో గుమాస్తాకు అందరూ చుట్టాలే. అమ్మగారూ, పిన్నిగారూ, అక్కయ్యగారూ, బావగారూ అని ఆతడు వరుసలు కలుపుతాడు. పుట్టింటి అన్నదమ్ముడు చీర పెట్టినంత ఆప్యాయంగా చీరను భుజంమీద పరచి, ఈ అంచు మీకు నిండుగా ఉన్నదంటాడు. అవతలినుంచి ఆతనికి వచ్చే పిలుపు ఏమిటి? ఏమోయ్ అనో, ఒరే అబ్బాయ్ అనో, ఏవయ్యా నువ్వు అనో. నెత్తి నెరసిన గుమాస్తాను ఇరవైయేండ్ల పిల్లవాడు నువ్వు అనడం మేము చెవులారా విన్నాము. ఆతడు మాత్రం మీరు అన్న మాటను వదలడు. మన భాషలో గౌరవానికి ఇన్ని మెట్లున్నాయని గర్వపడతాము. ఆ మెట్లు ఎవరికి ఎటు వంపుగా ఉన్నవో తెలుసుకోవాలంటే వ్యాకరణం తిరగవేయనక్కరలేదు, జవుళికొట్టులో ఒక పూట కూర్చుంటే చాలు.

ఇంతకూ ఈ ప్రసన్నత అభినయమా, నిజమా అన్న ప్రశ్న వస్తుంది. భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించాడు. మొదటి మూడూ పైపైన నడపవచ్చు. సాత్త్వికం మాత్రం మనసు లగ్నమైతే తప్ప పుట్టదు. కన్నీరు, పులకాంకురం అడిగితే వచ్చేవి కావు. 1983లో ఆర్లీ హోక్‌షిల్డ్ అనే అమెరికా సమాజశాస్త్రజ్ఞురాలు విమానాలలో ప్రయాణికులకు పరిచర్య చేసే యువతులను పరిశీలించి, ది మేనేజ్డ్ హార్ట్ అనే గ్రంథం వ్రాశారు. భరతుని పేరు ఎత్తకపోయినా ఆమె చేసిన విభజన దాదాపు ఇదే. కొందరు పైకి మాత్రమే నవ్వుతారు. కొందరు లోపలి భావాన్నే మార్చుకొని నవ్వుతారు. అట్లా జీతానికి భావాన్ని నడిపించుకొనడం కూడ శ్రమయే అని ఆమె వాదించి, దానికి ఒక పేరు పెట్టారు. మనం దానిని భావశ్రమ అనుకోవచ్చును. బాకీలు వసూలుచేసేవారిని గురించి కూడ ఆమె వ్రాశారు. వారి వంతు నవ్వు కాదు. లేని కాఠిన్యం తెచ్చిపెట్టుకొనడం. అదీ శ్రమయే.

మా చీరాల గుమాస్తాలు ఈ గ్రంథం చదవలేదు. అయినా లోపలి భావాన్ని మార్చుకొనే ఉపాయాలు వారివద్ద ఉన్నాయి. నోటికి వచ్చినట్లు మాట్లాడే బేరగాడు ఎదురైనప్పుడు, పాపం ఇంట్లో ఏమి చికాకులున్నవో అనుకొంటాము అని ఒక పెద్దవాడు మాతో అన్నాడు. అది చాలాసార్లు నిజమే కూడ. ఈ పల్లెలు ప్రత్తి, మిరప, పొగాకు పండించే పల్లెలు. గుంటూరు యార్డులో మిరప ధర పడిపోయిన వారం జవుళికొట్టులో మాట పెళుసెక్కుతుంది. అక్కడ రైతు దలారితో గట్టిగా మాట్లాడలేడు; సరుకు ఇంకా ఆయన చేతిలోనే ఉన్నది. ఎరువుల అప్పు, పెట్టుబడి అప్పు ఇచ్చినవారితోనూ గట్టిగా మాట్లాడలేడు. ఆ యేడు మొత్తంమీద ఆయన డబ్బు ఇచ్చి, ఎదుటివాడు నిలబడి, తాను కూర్చుండి మాట్లాడగల చోటు ఒక్క జవుళికొట్టే. అక్కడ కోపం దిగుతుంది. గుమాస్తాకు ఈ సంగతి తెలుసు. తెలిసినందువల్ల మాట కొంచెం తక్కువ గుచ్చుకొంటుందేమోగాని, గుచ్చుకొనడం మానదు.

మేము కూడ గొంతుతో బ్రదికేవాళ్ళమే. ఇంట్లో జ్వరమున్నా, మనసులో దిగులున్నా, స్టూడియోలో ఎర్రదీపం వెలగగానే కంఠంలో ఉల్లాసం పలికించవలసినదే. అందుచేత ఈ శ్రమ మాకు కొంత తెలుసునని అనుకొనేవాళ్ళము. కాని దగ్గరనుంచి చూచినప్పుడు పోలిక చాలదని తోచింది. మా ఎర్రదీపం కొన్ని నిమిషాలలో ఆరిపోతుంది. ఎదురుగా మైకు ఉంటుందేగాని మా ముఖంమీద చీర విసిరికొట్టే మనిషి ఉండడు. నెల తిరిగేసరికి జీతం, సెలవు, పింఛను అన్నీ చట్టప్రకారం వస్తాయి. గుమాస్తా ఎర్రదీపం ఉదయం కొట్టు తలుపు తీసినప్పుడు వెలిగితే రాత్రి తొమ్మిది దాటేవరకు ఆరదు. సంక్రాంతి, శ్రావణం, దసరా, క్రిస్మస్, రంజాన్ రోజులలో, అంటే ఇతరులు పండుగ చేసుకొనే రోజులలో, అది ఇంకా ప్రొద్దుపోయేదాకా వెలుగుతుంది.

ఆ వెలుగును రెండువైపుల నుంచి కనిపెట్టేవారున్నారు. ఎదుట పరుపుమీద బేరగాండ్రు. వెనుక గల్లాపెట్టె దగ్గర షావుకారు. ఇప్పుడు పైన సి.సి. కెమేరా కన్ను కూడ. రెండు గంటలు చీరలన్నీ చూచి, మళ్ళీ వస్తామని లేచిపోయిన బేరానికి గుమాస్తా జవాబు చెప్పుకోవలె. ఎందుకు పోయారు? నువ్వేమన్నావు? ఆతడు ఏమీ అనలేదని రుజువు చేయడం ఎట్లా? చిన్న కొట్లలో జీతం స్వల్పం. పిల్ల పెండ్లికో, ఆసుపత్రి ఖర్చుకో షావుకారు దగ్గరే అడ్వాన్సు తీసుకొని ఉంటాడు. అది తీరేవరకు వేరొక కొట్టుకు పోవడానికి వీలులేదు. చేసేది ఏమున్నది? నవ్వు ఇంకొంచెం వెడల్పు చేయడమే.

రాత్రి ఇల్లు చేరినప్పటి సంగతి మేము అడిగినప్పుడు చాలామంది మాట తప్పించారు. ఒక్కరి ఇల్లాలు మాత్రం చెప్పింది. కొట్టులో రోజంతా మాట్లాడి వస్తారు, ఇంటికి వచ్చి మాట్లాడరు అన్నది. ఆమె దానిని నేరంగా చెప్పలేదు, నీళ్ళు అయిపోయినవని చెప్పినట్లు చెప్పింది. చిన్నపిల్లవాడు ఏదో మారాం చేసినప్పుడు, రోజంతా ముప్ఫైమంది మారాములు సహించి వచ్చిన తండ్రి ఆ ముప్ఫైయొకటవదాన్ని సహించలేక చేయి ఎత్తుతాడట. యార్డులో దిగవలసిన కోపం కొట్టులో దిగి, కొట్టులో దిగరానిది ఇంట్లో దిగుతున్నది. చీర ధరలో చేరని ఈ ఖర్చును చివరకు చెల్లించేది ఆ పిల్లవాడని మాకు తోచి, ఆ పూట ఎక్కువ ప్రశ్నలు అడగలేకపోయాము.

ఈ రెండు మూడు దశాబ్దాలలో అమ్మాయిలు కూడ ఈ పనిలోనికి విస్తారంగా వచ్చారు. వారి కష్టం ఒక మెట్టు ఎక్కువ. నవ్వకపోతే షావుకారుకు కోపం. నవ్వితే దానికి వేరే అర్థం తీసే బేరగాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. ఎంత నవ్వవలెనో, ఎక్కడ ఆపవలెనో అనుక్షణం కొలుచుకొనడం వారి పని. పైగా పెద్దకొట్లలో కూర్చోవడానికి పీట సైతం ఉండదు. బేరాలు లేని మధ్యాహ్నవేళ కూడ నిలబడే ఉండవలె; కూర్చుంటే కొట్టు మందకొడిగా ఉన్నట్లు కనబడుతుందట.

ఈ కష్టం మన ఊరికే ప్రత్యేకం కాదు. ఇంగ్లీషు రచయిత ఎచ్. జి. వెల్స్ బాల్యంలో, 1881లో, సౌత్‌సీ పట్టణంలో ఒక జవుళి అంగడిలో పని నేర్చుకోవడానికి చేరి, సుమారు రెండేండ్లు నలిగి బయటపడ్డాడు. 1905లో వెలువడిన ఆయన కిప్స్ నవలలో నాయకుడు జవుళికొట్టు కుర్రవాడే. ఆ దేశంలో 1899లో ఒక చట్టం చేశారు: కొట్లలో పనిచేసే స్త్రీలు ముగ్గురికి ఒక్కటి చొప్పున ఆసనం అమర్చవలెనని. ముగ్గురికి ఒక్కటి! అయినా అది అప్పటికి విజయమే. మన పక్కన కేరళలో కోళిక్కోడు మిఠాయివీధిలోని అమ్మకపు ఉద్యోగినులు, పెణ్‌కూట్టు అనే సంఘంగా కూడి, కూర్చునే హక్కు కోసం ఏండ్ల తరబడి ఉద్యమించారు. 2018లో అక్కడి చట్టాన్ని సవరించి ఆసనం విధాయకం చేశారు. తమిళనాడు 2021లో అదే బాట పట్టింది. ఇంగ్లండు చట్టానికీ, కేరళ చట్టానికీ మధ్య నూటపందొమ్మిది సంవత్సరాలు గడిచాయి.

మనకు చట్టాలు లేకపోలేదు. చెన్నరాష్ట్రంలో మనమున్న కాలంలోనే, 1947లో, దుకాణాల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1988 నాటి చట్టం ఉన్నది. పనిగంటలు, వారపు సెలవు మొదలైనవి వాటిలో ఉన్నాయి. అవి ఎంత నెరవేరుతున్నవన్నది వేరే ప్రశ్న. మా దృష్టిని ఆకర్షించినది వేరొకటి. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతన స్మృతిలో, కనీస వేతనం నిర్ణయించేటప్పుడు ప్రభుత్వం ఏమేమి లెక్కలోనికి తీసుకోవచ్చునో చెప్పారు. పనికి కావలసిన నైపుణ్యం, ప్రాంతం. ఇవిగాక భరించరాని వేడిమి, తేమ, ప్రమాదకరమైన పని, భూగర్భంలో పని వంటి కష్టాలు. న్యాయమైన మాటలే. కొలిమి దగ్గర నిలబడినవాని వేడిమిని ఉష్ణమాపకంతో కొలవవచ్చు. కాని ఎదుటి మనిషి మాటలోని వేడిమిని పన్నెండు గంటలు భరించినవానికి ఏ పద్దు క్రింద వేయవలె? పెండ్లివారి మనసులు నిమిషంలో చదివే విద్యను నైపుణ్యమని ఎవరు వ్రాస్తారు?

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది. వర్తకంలో మర్యాద మన సంప్రదాయం. నవ్వుతూ పలకరించడానికి కూడ కూలి అడుగుతారా అని కొందరు పెద్దలు మాతో అన్నారు. మరొక ఆక్షేపణ బేరగాండ్ర తరఫున. యేడాదికి ఒక్క పట్టుచీర కొనుక్కొనే ఇల్లాలు నలభై చీరలు చూస్తే తప్పేమిటి? రెండవ ఆక్షేపణతో మేము పూర్తిగా ఏకీభవిస్తాము. చెమటోడ్చి సంపాదించిన డబ్బు. చూడవలసినంత చూచే హక్కు ఆమెకు ఉన్నది. గుమాస్తాలు సైతం ఈ విషయంలో ఫిర్యాదు చేయలేదు. విప్పడం మా పని, ఎన్నైనా విప్పుతాము అన్నారు. వారిని నొప్పించేది విప్పిన చీరల సంఖ్య కాదు. వాటి మధ్య పడే మాట. దొంగసరుకు, మోసం, నీకేం తెలుసురా అన్న మాటలు.

మొదటి ఆక్షేపణను మాత్రం అంగీకరించలేము. మర్యాద అనేది ఇవ్వకపోవడానికి కూడ స్వేచ్ఛ ఉన్నవాడు ఇచ్చేది. మన ఇంటికి వచ్చిన అతిథికి మనం మర్యాద చేస్తాము. ఆ అతిథి మన ఇల్లాలిని దూషిస్తే లేచి గుమ్మం చూపుతాము. గుమాస్తాకు గుమ్మం చూపే అధికారం లేదు, కనీసం నవ్వు ఆపే అధికారం కూడ లేదు. ఆపలేని నవ్వును మర్యాద అని పిలిచి, సంప్రదాయం ఖాతాలో వేయడం న్యాయం కాదని మా అభిప్రాయం.

షావుకార్ల ఇబ్బంది మాకు తెలియక కాదు. పట్టణాలలోని పెద్దమాళ్ళు, ఇంటికే బట్టలు పంపే కంప్యూటరు కంపెనీలు వారి బేరాలను లాగుకొంటున్నవి. ఒక్క బేరం పోయినా గుండె గుభేలుమంటుంది. అయినా మేము విచారించిన కొట్లలో ఒకదానిలో ఒక పద్ధతి కనబడింది. బేరగాడు హద్దు మీరినప్పుడు గల్లాపెట్టె దగ్గరి పెద్దాయన స్వయంగా లేచి వస్తాడు. గుమాస్తాను మందలించడు. నువ్వు వెళ్ళి టీ త్రాగి రా అని అందరిముందూ పేరు పెట్టి, అయ్యా అని గౌరవంగా చెప్పి పంపి, ఆ బేరం తాను చూసుకొంటాడు. చాలాసార్లు బేరగాడే తగ్గుతాడట. ఆ కొట్టులో గుమాస్తాలు ఇరవై, పాతికయేండ్లుగా మారలేదు. కొట్టు మూతపడనూ లేదు. ఒక టీ ఖరీదు, పది నిమిషాల విరామం. ఏ చట్టమూ అడ్డురాని ఈ ఏర్పాటు తక్కిన కొట్లకు ఎందుకు అసాధ్యమో మాకు ఎవరూ తృప్తికరంగా చెప్పలేదు.

సెల్‌ఫోనులో తిండి తెప్పించుకొని తెచ్చిన కుర్రవానికి నక్షత్రాలు వేసే వాడుక ఇప్పుడు మన ఇండ్లకు కూడ వచ్చింది. ఆతని సంగతీ ఇదే. కాకపోతే ఆతనికి షావుకారు ముఖం కూడ కనబడదు. హైదరాబాదులో రాత్రంతా మేలుకొని పరదేశపు కోపాలను ఫోనులో వినే మన పట్టభద్రుల సంగతి మరొక ప్రసంగానికి తగినంత ఉన్నది.

మేము చీరాలలో ఉన్న చివరి రాత్రి పదింటికి ఒక కొట్టు తలుపు సగం దించారు. బేరాలు అయిపోయినవి. షావుకారు చిట్టా చూసుకొంటున్నాడు. పరుపుమీద ఆనాడు విప్పి వదిలిన చీరలు కొండలాగ పడి ఉన్నవి. ఇద్దరు గుమాస్తాలు ఎదురెదురుగా కూర్చుండి ఒక్కొక్కదానినే అంచుకు అంచు కలిపి మడతపెడుతున్నారు. ఇంకా అరగంట పని. అలసిపోయి ఉన్నారు గనుక తొందరగా ముగించి ఇంటికి పోతారనుకొన్నాము. వారు తొందరపడలేదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, నవ్వలేదు. ప్రొద్దుననుంచి వారి ముఖాలవైపు ఎవరూ చూడని సమయం అదే. అది తెలిసి, మేము కూడ చూపు త్రిప్పుకొని బయటకు వచ్చాము.